రెండుసార్లు తట్టాను

ఇల్లు, వెనక గది
ఆదివారం

అత్తా,

నానమ్మ నీ మంచాన్ని ఉతికిన బట్టలకి రాసిచ్చేసింది. ‘మీ అత్త వచ్చినప్పుడు తీస్తాలేవే, మంచమేమన్నా పారిపోతుందా’ అంటోంది. నేను రోజూ ఆ బట్టలు మడతపెట్టి ఒక పక్కకి జరుపుతున్నాను. నువ్వు పడుకునే మేర ఖాళీగా కనిపిస్తే నాకు కాస్త బాగుంటుంది.

ఇక వార్తలు. జూడో క్లబ్బులో మాస్టారు నన్ను పెద్దవాళ్ళ బృందంలోకి మార్చారు. చలికాలంలో ఎంపిక పోటీలు. నాన్నని ఆస్పత్రి మీదుగా వెళ్ళే బస్సుకి మార్చారు. ఆ రూట్లో ఎక్కేవాళ్ళంతా దిగులుగానే ఎక్కుతారట, చిల్లర విషయంలో కూడా ఎవరూ పోట్లాడరట. నాన్నకి తోచడం లేదు.

ఇంకో వార్త. క్లబ్బులో పొడుగ్గా ఒకడున్నాడు, మేమంతా నిచ్చెన అంటాం అని రాశానే, వాడూ నేనూ. ఇంతకంటే రాయను, నువ్వు నవ్వుతావు. ప్రాక్టీసు అయ్యాక రోజూ ఇంటిదాకా వస్తాడు. నాన్నకి తెలుసు. వాడు లోపలికొచ్చి నాన్నతో చదరంగం ఆడతాడు. అమ్మ పోయాక నాన్న అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. ‘ఆ కుర్రాడు నీకోసం వస్తున్నాడా, మీ నాన్న కోసం వస్తున్నాడా’ అని నానమ్మ అనుమానం.

ఒక చిన్న మాట. మొన్న ఫోన్లో ‘నిచ్చెన ఎన్ని మెట్లెక్కింది?’ అని పెట్టావు చూడు, వాడు అది చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో వాళ్ళతో కలిసి నామీద నవ్వుకుంటున్నావా అన్నాడు. అందుకని మనం ఉత్తరాలే రాసుకుందాం. నీకెలాగూ ఉత్తరాలే ఇష్టం కదా.

నీ బొంగరం


వర్క్‌షాపు, ప్లాస్టర్ బల్ల పక్కన
గురువారం, టీ వేళ

ఏమే బొంగరం,

నా మంచాన్ని కాపాడుతున్నందుకు నీకు పుణ్యముంటుంది. ఇక్కడి మంచం అటు తిరిగితే కిర్రు, ఇటు తిరిగితే కిర్రు. మన ఇంట్లో పక్క మంచం మీద నువ్వు నిద్రలో కాళ్ళు విసిరే చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని ఇన్నాళ్ళకి తెలిసింది. వింటానికి తిట్టులా ఉన్నా నిజం.

పని బాగానే సాగుతోంది. ఇప్పుడు నాకు కృత్రిమ కాలి తొడుగులు అప్పజెప్పారు. మిగిలిన కాలు దిగేది అందులోనే. నూలు మందం తేడా వచ్చినా ఒరుసుకుపోయి పుండు పడుతుంది. మొన్న ఒక తాపీమేస్త్రి వచ్చాడు. కాలు తొడిగి నొప్పిగా ఉందా అని అడిగితే ‘అబ్బే, దూదిలా ఉంది’ అన్నాడు. నవ్వుకుంటూ నడిచి వెళ్ళాడు. వారానికి పుండుతో వచ్చాడు. ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ‘చెబితే కాలు వెనక్కి తీసుకుంటారేమోనని’ అన్నాడు. మా పెద్దమ్మగారు, అంటే ఇక్కడ నాకు పని నేర్పేవిడ, నన్నే తిట్టారు. నొప్పి ఉందా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు, ‘ఎక్కడ?’ అని అడగాలి, అప్పుడు వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు అన్నారు.

మన జూడో చాప మీద ఈ బాధ లేదు. నొప్పి పుడితే రెండుసార్లు తట్టు, ఎదుటివాడు ఆ క్షణమే వదిలేస్తాడు. నేను నీకు నేర్పిన మొదటి పాఠం అదే. నువ్వు మాత్రం తట్టేదానివి కాదు, మొండిఘటం.

సరే, నీ ఫోన్ వాడెందుకు చదువుతాడే? నిచ్చెన ఎక్కాల్సింది గోడ కదా, నీ జేబులోకి ఎందుకు ఎక్కింది?

అత్త


ఇల్లు
శనివారం

అత్తా,

జేబు జోకు బాగాలేదు.

మేమిద్దరం ఒకరి ఫోన్ ఒకరు చూసుకుంటాం. దాపరికం లేదన్నమాట. వాడి ఫోన్ నేనూ చూడొచ్చు, నాకే చూడాలనిపించదు. నేనెక్కడున్నానో వాడి ఫోన్లో చుక్కలా కనిపిస్తుంది. అది నా క్షేమం కోసమే. మొన్న లైబ్రరీలో లేటయితే గొడుగు పట్టుకుని ఎదురుగా ప్రత్యక్షమయ్యాడు. గొడుగు కోసం ఎవరన్నా అంత దూరం వస్తారా చెప్పు?

మాస్టారు నన్ను తేలిక బరువు అబ్బాయిలతో కూడా ఆడమంటున్నారు. వాడికది నచ్చదు. పెద్ద గొడవేమీ కాదు. నేను మాస్టారికి భుజం నొప్పి అని చెప్పి తప్పించుకుంటున్నాను.

నానమ్మ నీకు ఫోన్ చేసి నా చేతి మీద కమిలిన గుర్తుల గురించి ఏదో చెప్తుంది. పట్టించుకోకు. అది ప్రాక్టీసు. నానమ్మ లెక్కలో నువ్వొక్కదానివే క్లబ్బుకి వెళ్ళినట్టు, నీకొక్కదానికే దెబ్బలు తగిలినట్టు. కుడి చేయి పైన, లోపలి వైపు. నాలుగు చిన్న మచ్చలు, అంతే.

బొంగరం


వర్క్‌షాపు
మంగళవారం

బొంగరం,

చేయి లోపలి వైపు నాలుగు మచ్చలు వరసగా ఏ పట్టులోనూ పడవు. మనం పట్టేది జూడో కోటు గుడ్డని, ఒంటిని కాదు. నేనూ ఆ చాప మీద దొర్లినదాన్నే, నాకు కథలు చెప్పకు.

వాణ్ణి వదిలెయ్. ఈ రోజే. ఆ ఫోన్ తాళం మార్చు. ఆదివారం నేనే అన్నయ్యకి ఫోన్ చేసి అంతా చెప్తాను. వాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేది లేదు.

అత్త


ఇల్లు

గౌరవనీయులైన అత్తయ్య గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను. మా నాన్నగారు, నానమ్మగారు కులాసాగా ఉన్నారు. వాతావరణం చల్లబడింది.

నా చేతి మీద గుర్తులు పోయాయి. మీరు కంగారు పడవలసిన అవసరం లేదు. మీరు మా నాన్నగారికి ఏదైనా చెప్పినట్లయితే నేను అదేమీ లేదంటాను. వాడు కూడా లేదంటాడు. అప్పుడు మీరే అబద్ధం చెప్పినట్లవుతుంది. తర్వాత నేను మీకు ఎన్నడూ ఉత్తరం వ్రాయను.

ఇట్లు,
మీ మేనకోడలు


వర్క్‌షాపు పైన, నా గది
శుక్రవారం

బొంగరం,

నువ్వు పుట్టినప్పటి నుంచి నన్ను ‘మీరు’ అనలేదు. మూడేళ్ళప్పుడు కోపమొస్తే ‘పోవే అత్తా’ అనేదానివి. అది కూడా నాకిష్టమే. ఈ ‘మీరు’ మాత్రం నేను తట్టుకోలేను. ఎవరో తలుపు గడియ పెట్టిన చప్పుడులా ఉంది.

ఆదివారం ఫోన్ చేశాను. అన్నయ్య తీశాడు. నేను నీ సంగతి ఎత్తలేదు. ఆస్పత్రి రూటు గురించి మాట్లాడుకున్నాం.

నేను తప్పుగా రాశాను. నువ్వు చెప్పకుండానే నేను తీర్పు చెప్పేశాను. ఇకమీదట ఒక ఒప్పందం. నీకు ముందు చెప్పకుండా నేను ఎవరికీ ఏదీ చెప్పను. కానీ నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం చెప్తాను. అప్పుడు కూడా ముందు నీకు చెప్పి, ఆ తర్వాతే వాళ్ళకి. ఈ రెండో మాట దాచిపెట్టి మొదటిది ఒక్కటే రాయొచ్చు. నీకు నచ్చుతుంది కూడా. అలా చేస్తే నేను నిన్ను మోసం చేసినట్టు.

కొడుతున్నాడా అని అడగను. ఎక్కడ, బొంగరం?

నువ్వు రాసేదాకా నేను ఏదో ఒకటి రాస్తూనే ఉంటాను. తాపీమేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి తొడుగు కుదిరింది. మెట్లు దిగుతూ పాట కూడా పాడాడు. పాట మాత్రం కుదరలేదు.

అత్త


ఇల్లు, స్నానాల గది తలుపు వేసుకుని

అత్తా,

మొదలు పెట్టి మూడుసార్లు చింపేశాను. ఇది చింపను.

ఎక్కడ అని అడిగావు. చేయి. ఒకసారి జుట్టు. నడుము దగ్గర కూడా, అది గోడకి నెట్టినప్పుడు తగిలింది. పోయిన మంగళవారం గొంతు.

బస్ షెల్టర్లో. వాన పడుతోంది, వాడూ నేనూ తప్ప ఎవరూ లేరు. ఆ రోజు భుజం నొప్పి సాకు పనిచెయ్యలేదు, మాస్టారు ఒక తేలిక బరువు అబ్బాయితో ఆడించారు. ‘వాడి కింద పడుకుంటావా’ అన్నాడు. అది ఆట అన్నాను. నా కోటు కాలర్ రెండు వైపులా మడిచి పట్టుకుని షెల్టర్ అద్దానికి ఆనించి బిగించాడు. అది మనం నేర్చుకున్న పట్టే అత్తా. చాప మీద వాడు అదే పట్టు నామీద వందసార్లు వేసుంటాడు. అలవాటుగా నా చేయి దానంతట అదే లేచింది. వాడి చేతి మీద రెండుసార్లు తట్టాను.

వదల్లేదు.

నేను తట్టడం వాడికి తెలిసింది. నా ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. మళ్ళీ తట్టాను. కళ్ళ ముందు చుక్కలు మొదలయ్యాక దూరంగా బస్సు దీపాలు పడ్డాయి. అప్పుడు వదిలాడు. బస్సులో నా పక్కనే కూర్చుని ఏడ్చాడు. నువ్వు లేకపోతే చచ్చిపోతానన్నాడు. నేనే వాడి వీపు నిమిరాను.

ఎందుకు చెప్పలేదంటావు. నాకు జూడో బెల్టు ఉంది. ఎవరికి చెప్పినా ‘నీకు జూడో వచ్చుగా, నువ్వేం చేశావ్’ అంటారు. నేను ఏమీ చెయ్యలేదు. మాస్టారికి వాడంటే ప్రాణం, మా క్లబ్బుకి పతకం వచ్చేది వాడి వల్లే. క్లబ్బులో అందరూ వాడి వైపే. నాన్నకి తెలిస్తే ముందు నా జూడో మాన్పిస్తాడు, తర్వాత ఫోన్ తీసుకుంటాడు, ఆ తర్వాత స్కూలు నుంచి ఇల్లు, ఇంటి నుంచి స్కూలు. తప్పు వాడిది, జైలు నాకు.

ఇంకోటి ఉంది. నవ్వకు. నాన్నకి వాడొక్కడే స్నేహితుడు. ఆదివారం మధ్యాహ్నం నుంచే బల్ల తుడిచి పావులు పేర్చి కూర్చుంటాడు. నేను చెబితే ఆ పావులు ఎవరు తీస్తారు?

ఇదంతా రాశాను గానీ అసలు సంగతి వేరే. నేను సాయం అడగడం లేదు అత్తా. వాడు మొదట్లో ఉన్నట్టు మళ్ళీ ఉంటే చాలు. మొదటి రెండు నెలలు. నేను కింద పడితే వాడు తన మోకాలు పట్టుకునేవాడు, తనకే తగిలినట్టు. ఆ అబ్బాయి ఎక్కడికో వెళ్ళాడు, తిరిగొస్తాడు అని ఎదురుచూస్తున్నాను. ఎవరికైనా చెబితే ఇక రాడు. నువ్వు ఇంట్లో ఉండుంటే నీ మంచం మీదకి వచ్చి పడుకునేదాన్ని. ఏమీ చెప్పేదాన్ని కాదేమో. కానీ నీకు తెలిసిపోయేది.

బొంగరం


వర్క్‌షాపు
అందిన రోజే

నా బంగారు బొంగరం,

నీ ఉత్తరం పని బల్ల దగ్గరే చదివాను. చదివి మళ్ళీ పనిలోకి వెళ్ళలేకపోయాను. పెద్దమ్మగారు ఏమీ అడగకుండా నా ప్లాస్టర్ అచ్చులు తనే పూర్తి చేశారు.

ముందు నీకు చెప్తానన్నాను కదా. చెప్తున్నాను. నేను అన్నయ్యకి చెప్పాలి. గొంతు మీద చేయి పడ్డాక అది మన ఇద్దరి మధ్య ఉండే విషయం కాదు. మా వర్క్‌షాపు పక్క ఆస్పత్రి నర్సుని నీ ఊసెత్తకుండా అడిగాను. గొంతు నొక్కినవాడు ఒక్కసారితో ఆగుతాడని నమ్మకూడదంది, ఊపిరి ఆడకపోయినవాళ్ళని డాక్టరు తప్పకుండా చూడాలంది. మింగుతుంటే నొప్పి ఉన్నా, గొంతు బొంగురుపోయినా నాకోసం చూడకు, ఈ రోజే నానమ్మని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళు.

శనివారం పొద్దున రైలుకి వస్తున్నాను. నువ్వే నాన్నకి చెప్పు, నేను పక్కన కూర్చుంటాను. నీ నోరు పెగలకపోతే నేను చెప్తాను, నువ్వు పక్కన కూర్చో. రెండింట్లో ఏదో నువ్వే తేల్చుకో. అప్పటిదాకా వాడితో ఒంటరిగా ఉండకు. విడిపోతున్నానని ఇప్పుడే వాడితో అనకు. జ్వరమని క్లబ్బు మానెయ్. నీకు సాకులు చెప్పడం వచ్చు, ఇంకొకటి చెప్పు.

నీకు జూడో వచ్చు. వాడికీ వచ్చు. తడితే వదలాలని కూడా వాడికి వచ్చు. నువ్వేం చేశావని ఎవరన్నా అడిగితే, తట్టాను అని చెప్పు. చెయ్యాల్సింది అదే, నువ్వు చేశావు.

వాడు మొదట్లో మంచిగా ఉన్నాడంటే నమ్ముతాను. నువ్వు ఎదురుచూస్తున్నావంటే దాన్ని తప్పనను. ఎదురుచూడు, కానీ దూరం నుంచి చూడు.

చదరంగం సంగతి నాకు వదిలెయ్. మీ నాన్న నాకు అన్నయ్య. చిన్నప్పుడు నా చేతిలో ఓడిపోతే బల్ల తిరగేసేవాడు. నేను లేనిదే వాడికి గతి లేదు, అది నీకు తెలియదు.

అత్త


డిపో, కండక్టర్ల గది

చెల్లీ,

నువ్వు వెళ్ళి పదిహేను రోజులైంది. నాకు ఉత్తరాలు రాయడం రాదు. ఫోన్లో చెబుదామంటే అమ్మ వింటుంది, పిల్ల వింటుంది.

నువ్వున్నప్పుడు నేను సరిగా మాట్లాడలేదు. సంగతి విన్న వెంటనే నేను ఆ కుర్రాడి ఇంటికి బయల్దేరితే గుమ్మంలో అడ్డంగా కూర్చుని ‘నన్ను తొక్కుకుంటూ వెళ్ళు’ అన్నావు. ఆగినందుకు మంచిదయింది. ఆ కోపంలో ఏం చేసేవాణ్ణో.

తర్వాత నా మొదటి మాట జూడో మాన్పిస్తాననే. అది ఏడుస్తున్నదల్లా నవ్వింది. ‘ఇందుకే చెప్పలేదు నాన్నా’ అంది. ఆ నవ్వు నన్ను వదలడం లేదు. మాన్పించలేదు.

మాస్టారి దగ్గరికి వెళ్ళాం. ‘వయసు అలాంటిది, పిల్లల గొడవ, పోటీలు దగ్గర పడ్డాయి’ అన్నాడు. నేను అరవలేదు చెల్లీ. నా బస్సులో ఒకడు ఇంకొకడి గొంతు పట్టుకుంటే బస్సు ఆపుతాను, వాడి వయసు అడగను, తర్వాతి స్టాపు దగ్గర పడిందని చూడను అన్నాను. మర్నాడు ఆయన వాణ్ణి క్లబ్బు నుంచి తీసేశాడు. వాడి తండ్రి వేరే క్లబ్బులో చేర్పించాడట. స్కూలు కౌన్సెలర్ వారానికోసారి దీనితో మాట్లాడుతోంది. పోలీసు ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది దీన్నే తేల్చుకోమంది, ఎప్పుడు ఇచ్చినా వెంట వస్తానంది. డ్యూటీ దిగి నేను క్లబ్బు బెంచీ మీద కూర్చుంటున్నాను. ‘యూనిఫాంలో వచ్చి కూర్చుంటే అందరూ టికెట్ అడుగుతావనుకుంటున్నారు’ అంది. అది జోకు వెయ్యడం విని చాలా రోజులైంది.

ఒకటి నీకు మాత్రమే. ఆదివారం బల్ల దగ్గర కూర్చుంటే వాడే గుర్తొస్తున్నాడు. నా కూతురి గొంతు నొక్కినవాడు. వాడి ఎత్తుకి ఏం పైఎత్తు వెయ్యాలా అని ఆలోచిస్తూ నాకు నేనే దొరికిపోతున్నాను. నా ముఖం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఇది దానికి తెలియనివ్వకు.

అన్నయ్య


ఇల్లు
పోటీల మర్నాడు

అత్తా,

రెండో బౌట్‌లో ఓడిపోయాను. గెలిచింది బాగా ఆడిన అమ్మాయే, నేను ఏడవలేదు. నానమ్మ మాత్రం ‘దాని చేతులు చూడరా, రోకళ్ళు’ అని నాన్నతో గట్టిగా అంది. హాలంతా విన్నారు.

నేను భయపడినవి కొన్ని జరిగాయి. క్లబ్బులో సగం మంది నాతో మాట్లాడరు. నా వల్లే పతకం పోయిందంటారు. బట్టలు మార్చుకునే గదిలో నేను వెళ్తే మాటలు ఆగిపోతాయి. ఇద్దరు మాత్రం మాట్లాడతారు. అందులో ఒకడు ఆ తేలిక బరువు అబ్బాయి. వాడికి సంగతి తెలియదు, తన నోటి వాసనకి నేను ఇన్నాళ్ళూ తప్పించుకున్నాననుకుంటున్నాడు. ఫిర్యాదు ఇంకా ఇవ్వలేదు. వచ్చే వారం కౌన్సెలర్‌తో వెళ్ళి ఇద్దామని అనుకుంటున్నాను. అనుకోవడం వేరు, ఆ స్టేషన్ మెట్లు ఎక్కడం వేరు అని కూడా తెలుసు.

నాన్నకి వాడి మీద బెంగ ఉంది. చెప్పడు. నేనూ చెప్పను. నాకూ ఉంది. సాయంత్రం మలుపు దగ్గర పొడుగ్గా ఎవరు కనిపించినా ఆగి చూస్తాను. సగం భయం. మిగతా సగం భయం కాదు. కౌన్సెలర్‌తో భయం గురించే చెప్పాను, రెండోది నీకే రాస్తున్నాను. అది ఎప్పుడు పోతుందో నువ్వు చెప్పలేవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

నిన్న వాడు వచ్చాడు. కొత్త క్లబ్బు కోటులో. నా దగ్గరికి రాలేదు, నాన్న ఉన్నాడు. వాడి పక్కన ఒక అమ్మాయి ఉంది, నా వయసే. వాడేదో చెప్పాడు. ఆ అమ్మాయి ముందు వాడి ముఖం చూసింది, తర్వాత నవ్వింది. నాకు మొదట వచ్చింది అసూయ, అత్తా. జాలి తర్వాతెప్పుడో వచ్చింది. నేను కింద పడితే వాడు మోకాలు పట్టుకునేవాడే, ఆ మనిషి ఈ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయాడు అనుకున్నాను.

తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చి గోడవార కూర్చుని వేళ్ళకి టేపు చుట్టుకుంటోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియదు. వాణ్ణి వదిలెయ్ అంటే నేను విన్నానా? ‘నీది ఏ బరువు?’ అన్నాను. నా విభాగమే. టేపు చివర దొరక్కపోతే నేను పట్టుకున్నాను. వచ్చే నెల పోటీలో మళ్ళీ కలుద్దాం అంటే తలూపింది.

హాలు అవతల నుంచి వాడు మమ్మల్ని చూశాడు. చెయ్యి కొంచెం ఎత్తాడు, పిలుస్తున్నట్టు. తననో నన్నో తెలియలేదు. లేచి వాడి దగ్గరికి వెళ్ళాలని నా కాళ్ళకి అనిపించింది, అత్తా, నిజంగా అనిపించింది. టేపు ఇంకా ఒక వేలికి మిగిలి ఉంది. ‘ఆ చెయ్యి కూడా ఇటివ్వు’ అన్నాను. ఇచ్చింది.

బొంగరం